అమ్మ చేతులకు చేసిన జెల్

మా అమ్మ ధర్మవరంలో పట్టునూలుకు రంగులద్దే పనికి పోయేది. నాయన మగ్గం నేసేవాడు. ఇద్దరూ పట్టు పనివాళ్లే అయినా ఇద్దరి చేతులూ ఒకలా ఉండేవి కావు. చెయ్యి గరుకైతే పోగు చిక్కుకుంటుందని నాయన తన చేతుల్ని జాగ్రత్తగా చూసుకునేవాడు. అమ్మ చేతులు మణికట్టు దాకా ఎర్రగా కమిలి, వేళ్ల సందుల్లో పొక్కి, అరచేతుల్లో గీతల వెంబడి పగిలి ఉండేవి. ఆ పగుళ్లలోకి ఏ రంగు దిగితే ఆ వారమంతా ఆ రంగే కనపడేది. చిన్నప్పుడు నేను దాన్ని గోరింటాకు అనుకునేదాన్ని.

నూలుకు రంగు పట్టాలంటే ముందు దాన్ని సబ్బూ సోడా వేసిన నీళ్లలో ఉడకబెట్టి జిగురు తీయాలి. తర్వాత రంగు కాగుతున్న నీళ్లలో ముంచి, కట్టెల మీద తిప్పుతూ ఉండాలి. రంగు అంతటా సమంగా పట్టిందో లేదో చేత్తో విడదీసి చూడాలి. రబ్బరు తొడుగులు వేసుకుంటే వేడినీళ్లు లోపలికి పోయి ఇంకా కాలేవి. తడినూలు జారిపోయేది. అందుకని ఎవరూ వేసుకునేవాళ్లు కాదు. పని ఉన్న రోజుల్లో అమ్మకు మంట, పని లేని రోజుల్లో దురద. పులుసు తగిలితే ప్రాణం పోయేది కాబట్టి అన్నం చెంచాతో తినేది. అది చూసి వీధిలోవాళ్లు "ఏమ్మే, దొరసాని అయిపోయినావే" అని నవ్వేవాళ్లు. ఒకసారి డాక్టరు దగ్గరికి పోతే ఆయన పూతమందు రాసి, పని మానేస్తే గానీ పూర్తిగా తగ్గదని చెప్పాడు. అమ్మ ఆ చీటీ మడిచి రవికలో పెట్టుకుని నేరుగా పనికి పోయింది.

అమ్మను కన్న అవ్వ పెనుకొండలో ఉండేది. కొండ కిందనే ఇల్లు. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు రంగుల పని నెలరోజులు ఆగిపోతే అమ్మా నేనూ అక్కడికి పోయాం. అవ్వ అమ్మ చేతులు చూసింది. పొద్దున్నే కొండవైపు పోయి ఒక చెట్టు ఆకు ఒడినిండా తెచ్చింది. ఆకు తుంచితే పాలు కారాయి. అవ్వ దాన్ని ఉత్త పాలచెట్టు అనేది. తెడ్లపాల అంటారని నాకు తర్వాత చదువులో తెలిసింది. ఆకును ముక్కలు చేసి, గాజుసీసాలో కొబ్బరినూనె పోసి, అందులో వేసి ఎండలో పెట్టింది. నాలుగైదు రోజులకు నూనె వంకాయ తొక్క రంగుకు తిరిగింది.

"ఇది పూసుకో. తొందరపడొద్దు. చర్మం దానంతట అది మెత్తబడల్ల," అంది అవ్వ.

అమ్మ నెలరోజులూ పూసుకుంది. పొక్కులు ఎండాయి. అరచేతుల్లో పగుళ్లు మూసుకుపోయి, అందరికీ ఉండే మామూలు గీతలు బయటపడ్డాయి. మా అమ్మ చేతిలో అవి ఉన్నాయని నేను అప్పుడే చూశాను.

ధర్మవరం వచ్చాక నూనెసీసా వెంట తీసుకుని పనికి పోయింది. మూడోరోజు లేత గులాబీరంగు వేయాల్సిన నూలుమీద నూనె మరక పడింది. అక్కడ రంగు పట్టలేదు. రంగులశాల యజమాని చిలపగా కట్టిన ఆ నూలును అమ్మ ముందర పడేసి ఇట్లా అన్నాడని అమ్మ ఇంటికొచ్చి చెప్పింది: "చేతులన్నా బాగుండల్ల, నూలన్నా బాగుండల్ల. రెండూ కావాలంటే యాడికన్నా పోమ్మా." అమ్మ నూనె మానేసింది. పదిరోజుల్లో చేతులు మళ్లీ మొదటికొచ్చాయి.

ఆ మాటే నన్ను ఫార్మసీ చదువుకు తోసిందని చెప్తే అబద్ధమవుతుంది. ఇంటర్లో నాకొచ్చిన మార్కులకు ఆ సీటు దొరికింది, చేరాను. మందులు తయారుచేసే తరగతిలో మూడో ఏడు ఒకరోజు జెల్ చేయించారు. కార్బోమర్ అనే తెల్లపొడిని నీళ్లలో నానబెట్టి, క్షారం చుక్కలుగా వేసి కలుపుతూ పోతే, మబ్బుగా ఉన్న నీళ్లు చూస్తూండగానే బిగుసుకుని తేటపడ్డాయి. వేలితో తీసుకుంటే నిలబడింది. చేతికి రాస్తే చల్లగా తగిలి, కాసేపటికి ఆరిపోయింది. అందులో దాదాపు అంతా నీళ్లే. నూనెచుక్క లేదు. ఆరిన చేత్తో రికార్డుపుస్తకం కాగితం నొక్కి చూశాను. మరక పడలేదు.

ప్రాజెక్టుకు ఏం చేస్తావని అడిగినప్పుడు తెడ్లపాల ఆకుతో జెల్ అని చెప్పాను. చెప్పినంత సులువుగా రాలేదు. ఆకులో వాపునూ దురదనూ తగ్గించే పదార్థాలు నూనెలోనో స్పిరిట్లోనో కరిగినట్టు నీళ్లలో కరగవు. మొదటిసారి స్పిరిట్ ఎక్కువ పోశాను. అది రాసినప్పుడు అమ్మ లేచి వెళ్లి చెయ్యి నీళ్లతొట్టిలో ముంచుకుని చాలాసేపు అక్కడే నిలబడింది. రెండోసారి ఆకు రసంలోని లవణాలకు జెల్ విరిగి మజ్జిగలాగా కారింది. తర్వాత సారాన్ని రెండుసార్లు వడగట్టి, స్పిరిట్ ఎగరగొట్టి, మిగిలినదాన్ని గ్లిజరిన్లో కలిపి, అప్పుడు జెల్లో వేశాను. అది నిలిచింది.

అమ్మ పని మానకుండానే అది పూసుకుంది. మొదటివారం ఏమీ కాలేదు. రెండోవారం దురద తగ్గింది. ఐదోవారానికి వేళ్ల సందులు ఎండాయి. పూర్తిగా నయమైందని చెప్పను, రోజూ సోడాలో నానే చెయ్యి పూర్తిగా ఎట్లా నయమవుతుంది? కానీ ఒక ఆదివారం అమ్మ చెంచా పక్కన పెట్టి, చారన్నం చేత్తో కలుపుకుని తినింది. నాయన తినడం ఆపి చూశాడు. ప్రాజెక్టు రికార్డుకు మంచి మార్కులొచ్చాయి. కాలేజీలో ఆ రికార్డు అలమరాలోకి పోయింది.

చదువు అయిపోయాక హిందూపురంలో నొప్పుల బామ్, గజ్జి లేపనం లాంటివి చేసే చిన్న కంపెనీలో కెమిస్టుగా కుదిరాను. అక్కడే గది తీసుకుని, శనివారం సాయంత్రం ప్యాసింజరు బండిలో ఇంటికి వచ్చేదాన్ని. యజమానిది ఊళ్లో పాత వ్యాపారుల కుటుంబం. తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగించేవాడు. మనిషి మర్యాదస్తుడు. నేను అమ్మ కోసం చేసిన సీసా ఒకటి తీసుకెళ్లి ఆయనకు చూపించాను. ముంజేతికి రాసుకుని, వాసన చూసి, ఆరేదాకా కూర్చున్నాడు.

"జిడ్డు లేదు, వాసన లేదు. బాగుండాదమ్మా. చేద్దాం," అన్నాడు.

ఆకు బొమ్మతో ట్యూబు వచ్చింది. పూర్తిగా మూలికలతో తయారైనదని దానిమీద రాశారు. మొదటి ట్యూబులు ధర్మవరం తెచ్చినప్పుడు అమ్మ ఒకటి దేవుడి పటాల దగ్గర పెట్టింది. తనతో పాటు రంగులశాలలో పనిచేసే ఆడవాళ్లందరికీ తనే చెప్పింది. "మా పాప చేసిన మందు. పూసుకోండి," అని ఇల్లిల్లూ తిరిగింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ కంపెనీకి మా అమ్మ కంటే నమ్మకమైన ప్రచారం చేసినవాళ్లు లేరు.

కానీ ట్యూబులు కదలలేదు. అంగళ్లవాళ్లు వెనక్కి పంపారు. యజమాని నన్ను పిలిచి ఆ పెట్టెలు చూపించాడు.

"నెల దినాలు పూసుకునే ఓపిక ఎవురికుంటాదమ్మా? రెండు దినాల్లో దురద ఆగల్ల. ఆగలేదంటే ఇంకో కంపెనీ ట్యూబు కొంటారు. మనకు దుడ్లు రావు."

"ఆకుమందు నిదానంగానే పనిచేస్తుంది సార్."

"సరే, చూద్దాం," అన్నాడు.

తర్వాత రెండు నెలలకు ఆర్డర్లు ఉన్నట్టుండి పెరిగాయి. ధర్మవరం పోతే ఆడవాళ్లు నన్ను వీధిలో ఆపి చేతులు చూపించారు. రెండురోజుల్లో దురద పోయిందట. ఎరుపు చేత్తో తీసేసినట్టు పోయిందట. నా ఆకు అంత తొందరగా పనిచేయదని నాకు తెలుసు. అది నేను చేసిన మందు. ఐదు వారాలు అమ్మ చేతుల్ని రోజూ చూసి చేసిన మందు. అయినా ఒక వారంపాటు నమ్మాలనే చూశాను. ఆ వారం నాకు చాలా సంతోషంగా గడిచిందని కూడా ఒప్పుకోవాలి.

తర్వాత పరీక్ష చేశాను. గాజుపలక మీద సన్నటి పూత పూసి, అడుగున మందు చుక్క పెట్టి, ద్రావణంలో నిలబెడితే అందులో ఉన్నవి వేటికవి విడిపోయి పైకి పాకుతాయి. నీలి దీపం కింద చూస్తే ఒక్కొక్కటి ఒక్కో మచ్చగా కనపడుతుంది. నా ఆకువి ఎక్కడెక్కడ నిలబడతాయో నాకు కంఠస్థం. వాటి మధ్యలో నాది కాని మచ్చ ఒకటి ముదురుగా ఉంది. ఇంకో రెండు పలకలు చేసి తెలిసిన మందులతో పోల్చుకున్నాక అది ఘాటైన స్టెరాయిడ్ అని తేలింది.

పలక తీసుకుని యజమాని గదికి పోయాను. ఆయన కాదనలేదు.

"డాక్టర్లు రాసేదే కదమ్మా. విషం కాదు."

"డాక్టరు రాస్తే ఇన్ని దినాలు పూసి ఆపమంటాడు సార్. మనం మూలికలని రాసినాం. జనం ఏడాది పొడుగునా పూస్తారు. పసిపిల్లలకు కూడా పూస్తారు. చర్మం పలచబడిపోతుంది."

"బాగుండాదనే కదా పూసేది? నీ ఆకు కూడా దాంట్లో ఉండాది. తీసెయ్యలేదు." తర్వాత నెమ్మదిగా, కోపం లేకుండా అన్నాడు: "సరుకు బాగుండాదని కాగితాల మీద సంతకం పెట్టేది నువ్వు. ఇష్టం లేకుంటే చెప్పు. వేరేవాళ్లు పెడతారు."

ఆ రోజు సంతకం పెట్టాను. ఆ తర్వాత ఏడాదికి పైగా పెడుతూనే ఉన్నాను.

మరమగ్గాల చీరలు వచ్చి నాయన మగ్గం మూలపడింది. ఇల్లు నా జీతం మీద నడుస్తోంది. నేను మానేసినా ఆ ట్యూబు ఆగదు. ఇవన్నీ నిజాలే. కానీ నేను వాటిని రోజూ మనసులో వరసగా పేర్చుకున్నది నిజాలని కాదు, నిద్రపట్టాలని.

ఒక్క పని చేశాను. అమ్మ కోసం స్టెరాయిడ్ లేకుండా జెల్ విడిగా చేసి సీసాలో పోసి తెచ్చేదాన్ని.

"అంగట్లోది కొనొద్దమ్మా. నీకు ఇదే."

"ఎందుకే? అదీ ఇదీ ఒకటే కదా?"

"ఇది తాజాది. నీకోసం చేసినా."

అమ్మ సంబరపడి తీసుకునేది. నేను దాంతో నా బాధ్యత తీరిందనుకునేదాన్ని.

మరుసటి ఏడు చలికాలంలో ఒక ఆదివారం అమ్మ వాకిట్లో కూర్చుని నూలు విడదీస్తోంది. నేను పక్కన కూర్చున్నాను. ఎండలో ఆమె చేతివెనక చర్మం మెరుస్తోంది. కింద నరాలన్నీ నీలంగా, లెక్కపెట్టేటట్టు కనపడుతున్నాయి. పోగు బిగించి లాగినప్పుడు వేలి కణుపు దగ్గర చర్మం తడి కాగితం చిరిగినట్టు చిరిగింది. అమ్మ ఆ వేలు నోట్లో పెట్టుకుని మళ్లీ పని చేసుకోబోయింది. ముఖం వైపు చూశాను. మునుపు మంగుమచ్చలున్న చోట బుగ్గలు ఎర్రగా కందిపోయి, సన్నటి ఎర్రటి నరాలు తేలి ఉన్నాయి.

"అమ్మా, నేనిచ్చిన సీసా పూస్తాండావా?"

అమ్మ ఇంకో పోగు అందుకుంది.

"పూస్తాండావా లేదా?"

"అలగొద్దు పాపా. నీ సీసాలు ఎదురింటామెకు ఇస్తాండా. ఆమెకు కొనుక్కునే స్తోమత లేదు. నేను అంగట్లోది తెచ్చుకుంటాండా. నీ సీసాది నిదానం. అంగట్లోది శానా బాగుండాది. ముఖానికీ పూస్తాండా. అదీ నువ్వు చేసిందే కదా?"

అప్పుడు చెప్పాను. ట్యూబులో ఏం కలుస్తోందో, అది చర్మాన్ని ఏం చేస్తుందో, నాకు ఎట్లా తెలిసిందో అన్నీ చెప్పాను. అమ్మ మధ్యలో ఒక్కటే అడిగింది.

"ఎన్నాళ్లనుంచి తెలుసు నీకు?"

"ఏడాది దాటింది."

అమ్మ నూలు చిలపను జాగ్రత్తగా కొయ్యకు తగిలించింది. తర్వాత నా వైపు తిరిగింది. ఆమె గొంతు పెంచలేదు.

"నాకొక్కదానికే వేరే సీసా తెచ్చినావు. తక్కినోళ్లవి చేతులు కావా?"

నేను ఏడ్చాను. అమ్మ ఊరుకోబెట్టలేదు. ముఖం కడుక్కుని, చీర మార్చుకుని వచ్చి "పా" అంది. ఎక్కడికని అడిగే ధైర్యం నాకు రాలేదు.

తను ఎవరెవరికి ఆ మందు చెప్పిందో అమ్మకు గుర్తుంది. ఒక్కో ఇంటి ముందూ ఆగి, ఇంటివాళ్లను పిలిచి, నన్ను ముందుకు తోసి "చెప్పు" అనేది. నేను చెప్పాను. మొదటి ఇంట్లో తడబడ్డాను. మూడో ఇంటికి మాటలు వాటంతటవే రావడం మొదలుపెట్టాయి. అది ఇంకా సిగ్గుగా అనిపించింది. కొందరు అర్థంకాక తలూపారు. ఒకామె లోపలికి పోయి తన ఎనిమిది నెలల మనవరాలిని ఎత్తుకొచ్చింది. తొడల సందుల్లో ఒరిపిడికి ఆ ట్యూబే పూస్తున్నారట. అక్కడ చర్మం ఎర్రగా పలచగా ఉంది. ఆమె నన్నేమీ అనలేదు. అమ్మను అడిగింది.

"నీ పాప చేసిందంటివే. అందుకే కదా కొనింది?"

"అంటి. నాదే తప్పు," అంది అమ్మ.

నాదే తప్పని నేను అనబోయాను. అమ్మ చేత్తో ఆపింది. నా మాటకు ఆ వీధిలో ఇక విలువ లేదని ఆ చెయ్యి చెప్పింది. పసిపిల్లను వెంటనే పిల్లల డాక్టరుకు చూపించమని చెప్పి వచ్చాం. ఆ పిల్లకు తర్వాత నయమైంది.

చివరికి ఎదురింటికి పోయాం. ఆమె చేతులు మామూలుగానే ఉన్నాయి. అక్కడక్కడ పగుళ్లున్నా చర్మం గట్టిగా ఉంది. అంతా విని ఆమె అమ్మ చేతులు పట్టుకుని తిప్పి చూసింది.

"అంటే నువ్వు నాకు మంచిది ఇచ్చి, చెడ్డది పూసుకున్యావా అక్కా?"

"తెలిసి ఇచ్చింటే మంచిదాన్నే," అంది అమ్మ. "తెలీక ఇచ్చినా."

మరుసటి రోజు పనికి పోయి రాజీనామా ఇచ్చాను. యజమాని ఆ కాగితం చదివి "ఆలోచించుకోమ్మా" అన్నాడు. మందుల తనిఖీవాళ్లకు వివరంగా రాసి, పలకల ఫోటోలు జతచేసి పంపాను. ఆ కాగితం ఏమైందో నాకు తెలియదు. కొన్నాళ్లకు ఆ ట్యూబు ధర్మవరం అంగళ్లలో కనపడకుండా పోయింది.

అమ్మ ఆ మందు ఆపిన పదిరోజులకు చేతులూ ముఖమూ నిప్పంటుకున్నట్టు అయ్యాయి. అట్లా ఒక్కసారిగా ఆపకూడదని చదువుకున్నదాన్ని నేను. ఇల్లిల్లూ తిరిగిన ఆ హడావిడిలో అదీ మర్చిపోయాను. చర్మం డాక్టరు దగ్గర ఏడాది పట్టింది. మంట తగ్గింది గానీ పలచబడిన చర్మం మునుపటిలా కాలేదు. రంగుల పని ఇక చేయలేకపోయింది. చిలపలు చుట్టే పనికి పోతే పోగు కోసుకునేది. అదీ మానేసింది.

పెనుకొండలో అవ్వకు ఈ సంగతి ఎవరో సగం సగం చెప్పారు. నేను పోయినప్పుడు ముందుగా అదే అడిగింది.

"నా ఆకు అంత చెడు చేసిందా పాపా?"

"ఆకు కాదవ్వా. వాళ్లు వేరే మందు కలిపినారు."

"ఆకు బొమ్మ ఉండాదంట కదా దానిమీద?"

ఎన్నిరకాలుగా చెప్పినా ఆమెకు ఆ బొమ్మే మనసులో నిలిచింది. తనకు గుర్తున్నప్పటినుంచీ అడిగినవాళ్లకల్లా ఎండలో కాచి ఇచ్చిన నూనెను ఆ తర్వాత ఎవరికీ ఇవ్వలేదు. పక్కింటివాళ్లు వచ్చి అడిగితే "నాకు తెలీదు, డాక్టరుకు చూపించుకో" అనేది. తను కన్నుమూసేదాకా అంతే.

నేను ధర్మవరంలో ఒక మందుల అంగట్లో చేరాను. మరుసటి వేసవికి కొత్త పేరుతో, వేరే ఆకు బొమ్మతో ఇంకో ట్యూబు వచ్చింది. లోపల అదే తేట జెల్, రెండురోజుల్లో దురద పోతుందన్న అదే మాట. మా అంగట్లో పెట్టనివ్వలేదు. పక్క అంగట్లో అమ్మేవాళ్లు. ఒకరోజు అమ్మతో కలిసి పనిచేసిన ఒకామె ఆ ట్యూబు పట్టుకుని వస్తూ ఎదురుపడింది. ఆ రోజు మేం పోయిన ఇళ్లలో ఆమెదీ ఒకటి.

"అక్కా, దాంట్లో కూడా అదే ఉండాది. చెప్పినాను కదా నీకు," అన్నాను.

"తెలుసు పాపా."

"మరి?"

ఆమె ట్యూబును కొంగులో ముడేసుకుంది. "పొద్దున్నే ఏడుకల్లా నీళ్లలో చేతులు పెట్టల్ల. నీ సీసా మందు ఐదు వారాలంటివి. ఐదు వారాలు నాకెవురు ఆగుతారు?"

ఆమె వెళ్లిపోయింది. ఆ సంగతి అమ్మకు చెప్పలేదు. విని బాధపడుతుందని అనుకున్నాను. మూడోరోజు అది ఆ మనిషి నోటినుంచే అమ్మకు తెలిసింది. నేను ఇంటికి వచ్చేసరికి వాకిట్లో కూర్చుని ఉంది.

"మళ్లీ నా దగ్గర దాచినావు," అంది.

లేచి నాకు అన్నం పెట్టి, లోపలికి పోయి పడుకుంది.